ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్ కాల్పులు: తల్లిదండ్రులకు శిక్ష పడింది, బడి బాధ్యత మాటేమిటి?

రఘు_ట్రాయ్

మిషిగన్‌లో మన వాళ్లు నలుగురు కలిసిన చోట ఈ సంగతి వస్తే చర్చ ఒకటే దారి పడుతోంది: "ఆ తల్లిదండ్రులే అలాంటివాళ్లు, తగిన శిక్ష పడింది." అంతటితో ముగుస్తోంది. నాకు అక్కడ ఆగాలనిపించడం లేదు. ఆక్స్‌ఫర్డ్ మా ఇంటికి అరగంట దూరం. ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్, ఆక్స్‌ఫర్డ్ అన్నీ ఓక్లాండ్ కౌంటీలోవే.

తెలియని వాళ్ల కోసం జరిగింది చెబుతాను. 2021 నవంబర్ 26న జేమ్స్ క్రంబ్లీ తన పదిహేనేళ్ల కొడుకును వెంటబెట్టుకుని వెళ్లి 9 ఎంఎం పిస్తోలు కొన్నాడు. మరునాడు తల్లి జెన్నిఫర్ ఆ పిల్లవాణ్ణి కాల్పుల సాధనకు తీసుకెళ్లింది. 29న ఆ అబ్బాయి తరగతిలో కూర్చుని ఫోనులో తూటాల కోసం వెతకడం టీచర్ కంటపడింది. బడి నుంచి తల్లికి ఫోన్ చేసి సందేశం వదిలారు. ఆమె బడికి బదులివ్వలేదు. కొడుక్కి మాత్రం "నాకు కోపం లేదు, దొరక్కుండా ఉండటం నేర్చుకో" అని మెసేజ్ పెట్టింది.

30వ తేదీ ఉదయం లెక్కల కాగితం మీద తుపాకి బొమ్మ, తూటా బొమ్మ, నెత్తురు కారుతున్న మనిషి బొమ్మ వేశాడు. పక్కనే "ఆలోచనలు ఆగడం లేదు, సాయం చేయండి" అని రాశాడు. తల్లిదండ్రులను పిలిపించారు. ఆ సమావేశం పావుగంట కూడా సాగలేదు. 48 గంటల్లోగా వైద్య సహాయం ఇప్పించమని కౌన్సెలర్ చెప్పాడు. ఆ రోజే తీసుకెళ్లండంటే పనికి తిరిగి వెళ్లాలన్నారు. పిల్లవాడు సంచితో సహా తరగతికి వెళ్లాడు. పిస్తోలు ఆ సంచిలోనే ఉంది. సుమారు రెండు గంటల తరువాత నలుగురు విద్యార్థులు చనిపోయారు, ఒక టీచర్‌తో కలిపి ఏడుగురు గాయపడ్డారు.

ఆ గదిలో ఇద్దరు పెద్దవాళ్లకు తుపాకి సంగతి తెలుసు. బడి తరఫున ఉన్న మరో ఇద్దరి ముందు ఆ బొమ్మ ఉంది, నిన్నటి తూటాల వెతుకులాట సమాచారం ఉంది. "ఇంట్లో తుపాకి ఉందా?" అని వీళ్లు అడగలేదు. "నాలుగు రోజుల కిందటే కొన్నాం" అని వాళ్లు చెప్పలేదు. సంచి ఎవరూ తెరవలేదు. 2024 ఏప్రిల్‌లో తల్లిదండ్రులిద్దరికీ పదేళ్ల నుంచి పదిహేనేళ్ల వరకు జైలు శిక్ష పడింది. బడి వాళ్లలో ఒక్కరి మీద కూడా క్రిమినల్ కేసు లేదు. ఇది సరేనా?

విమల_అడ్వకేట్ (విజయవాడ)

రఘు గారూ, మొదట ఆ తీర్పు ఏమిటో స్పష్టంగా చూద్దాం. వాళ్ల మీద రుజువైనది ఉద్దేశం లేని నరహత్య, చనిపోయిన ఒక్కొక్కరికీ ఒక్కొక్క అభియోగం. తల్లిని ఫిబ్రవరిలో, తండ్రిని మార్చిలో వేర్వేరు జ్యూరీలు దోషులుగా తేల్చాయి. బడిలో సామూహిక కాల్పులు జరిపిన పిల్లవాడి తల్లిదండ్రులను ఆ చావులకే నేరుగా బాధ్యులను చేయడం అమెరికాలో అదే మొదటిసారి. న్యాయమూర్తి షెరిల్ మాథ్యూస్ ఒక మాట తేల్చి చెప్పారు: ఇది చెడ్డ పెంపకానికి వేసిన శిక్ష కాదు, ఆపగలిగిన దాన్ని ఆపే అవకాశాలు పదే పదే వచ్చినా వదిలేసినందుకు వేసింది. ఈ తేడా చాలా ముఖ్యం. పిల్లవాడు నేరం చేశాడు కాబట్టి నువ్వు నేరస్థుడివి అనలేదు. ప్రమాదం కళ్ల ముందు ఉంది, ఆయుధం నీ చేతిలో ఉంది, దాన్ని భద్రపరచడం నీ పని అన్నారు.

బడికి వస్తే, మిషిగన్‌లో ప్రభుత్వ సంస్థలకు, ఉద్యోగులకు చట్టరక్షణ బలంగా ఉంది. బాధిత కుటుంబాలు రాష్ట్ర కోర్టుల్లో వేసిన సివిల్ దావాలు దాన్ని దాటలేకపోయాయి. 2024లో అక్కడి అప్పీలు కోర్టు కూడా కుటుంబాలకు వ్యతిరేకంగానే తీర్పు ఇచ్చింది. సంచి విషయంలో మాత్రం చట్టం అడ్డు కాదు. పోలీసులకు కావలసినంత బలమైన కారణం బడి సిబ్బందికి అక్కర్లేదు, సహేతుకమైన అనుమానం ఉంటే విద్యార్థి సామాను వెతకవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. ఆ అనుమానం కలగలేదన్నది బడి వాదన. ముందురోజు తూటాలు, మర్నాడు ఆ బొమ్మ. ఇంకేం కావాలో నాకు అర్థం కాదు.

సుజాత_కౌన్సెలర్ (డాలస్)

నేను ఇక్కడ ఒక ప్రభుత్వ హైస్కూల్లో కౌన్సెలర్‌ని. ఆక్స్‌ఫర్డ్ కౌన్సెలర్‌ను వెనకేసుకు రావడానికి రాయడం లేదు. ఆ గదిలో ఏం జరిగి ఉంటుందో ఈ పని చేసేవాళ్లకు తెలుస్తుంది కాబట్టి రాస్తున్నాను.

అలాంటి కాగితం నా బల్ల మీదకు వస్తే నాలో మొదట మేలుకునేది "ఈ పిల్లవాడు తనకు తాను హాని చేసుకుంటాడేమో" అన్న భయం. రోజూ మేము చూసేది అదే. ఆయనా అలాగే ఆలోచించాడు. పిల్లవాణ్ణి ఒంటరిగా ఇంటికి పంపడం కంటే తోటివాళ్ల మధ్య ఉంచడం మేలనుకున్నాడు. ఆత్మహత్య కోణంలో అది అర్థం లేని ఆలోచన కాదు. కానీ తనను తాను చంపుకోవాలనుకునే పిల్లవాడు, ఇతరులను చంపాలనుకునే పిల్లవాడు వేర్వేరు మనుషులు కానవసరం లేదు. అందుకే ఒక్కరు నిర్ణయించకూడదు.

దీనికి ముప్పు అంచనా అనే పద్ధతి ఉంది. ప్రిన్సిపాల్ స్థాయి అధికారి, కౌన్సెలర్ లేదా సైకాలజిస్టు, బడికి కేటాయించిన పోలీసు అధికారి కలిసి కూర్చుంటారు. టీచర్లందరి దగ్గరా ఉన్న ముక్కలు ఒకచోట పెడతారు. ఆయుధం అందుబాటులో ఉందా అన్నది తప్పనిసరి ప్రశ్న. వర్జీనియా 2013లోనే ప్రతి ప్రభుత్వ బడికీ ఇలాంటి బృందం ఉండాలని చట్టం చేసింది. ఆక్స్‌ఫర్డ్‌లో కాగితం మీద విధానం ఉంది, ఆ ఉదయం అది అమలు కాలేదు. బోర్డు నియమించిన స్వతంత్ర సంస్థ 2023 అక్టోబర్‌లో అయిదు వందల పేజీలు దాటిన నివేదిక ఇచ్చింది. సరైన ముప్పు అంచనా జరిగి ఉంటే ఈ దారుణాన్ని తప్పించగలిగేవాళ్లని అందులో ఉంది. ఆ నివేదికను మా బడిలో చదివించాను. అందరం మౌనంగా చదివాం.

ప్రసాద్_మాష్టారు (నరసరావుపేట)

ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. తుపాకుల సంగతి మనకు దూరం. కానీ సుజాత గారు చెప్పిన "ముక్కలు ఒకచోట పెట్టడం" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను.

మన దగ్గర తోటి పిల్లవాణ్ణి బ్లేడుతో కోసిన వాడినో, ఆడపిల్లను వెంటాడి వేధించిన వాడినో ఏం చేస్తాం? తండ్రిని పిలిపిస్తాం, నాలుగు తిడతాం, టీసీ చేతిలో పెడతాం. ఆ టీసీలో ప్రవర్తన అనే గడి ఒకటి ఉంటుంది. దానిలో "సంతృప్తికరం" అని రాస్తాం. పిల్లవాడి భవిష్యత్తు పాడుచేయడమెందుకని కొందరు దయతో రాస్తారు, తలనొప్పి వదిలితే చాలని ఎక్కువమంది రాస్తారు. కొత్త బడిలో హెడ్‌మాస్టరుకు ఏమీ తెలియదు. తండ్రి చెప్పడు, చెబితే సీటు రాదు. ఆ పిల్లవాడికి ఏం జరుగుతోందో తెలిసిన పెద్దమనిషి ఒక్కడైనా కొత్త చోట ఉండడు. నా సర్వీసులో ఈ వరుస ఎన్నోసార్లు చూశాను.

బడి నుంచి పంపేస్తే బడి క్షేమం అనుకుంటాం. ఆక్స్‌ఫర్డ్‌లో ఆ ఉదయం ఇంటికి పంపేసినా తుపాకి సంగతి అడగకపోతే సగం పనే అయ్యేది.

కిరణ్_షార్లెట్

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి నా అభ్యంతరం చెబుతాను. ఆ పిల్లవాణ్ణి పెద్దవాడిగా పరిగణించి కేసు నడిపారు. 2023 డిసెంబర్‌లో పెరోల్ లేని యావజ్జీవ శిక్ష వేశారు. అంటే తను చేసినదానికి పూర్తి బాధ్యత తనదే అన్నారు. మరోపక్క అదే ప్రాసిక్యూటర్ కార్యాలయం అదే చావులకు తల్లిదండ్రులు బాధ్యులు అంది. పూర్తి బాధ్యత ఒకరిదయితే మిగిలినవాళ్లకు పదిహేనేళ్లెలా వస్తాయి?

రెండో భయం. ఈ కేసులో వాస్తవాలు మరీ దారుణంగా ఉన్నాయి కాబట్టి మనకు ఇబ్బంది అనిపించడం లేదు. కానీ ఒకసారి దారి పడ్డాక దాని మీద నడిచేది ఎవరు? రెండు ఉద్యోగాలు చేస్తూ పిల్లవాడి ఫోను చూసే తీరిక లేని ఒంటరి తల్లులు, వకీలును పెట్టుకునే స్తోమత లేనివాళ్లు. బడులు తప్పించుకుంటాయి, ఎందుకంటే వాళ్లకు చట్టరక్షణ ఉంది.

విమల_అడ్వకేట్ (విజయవాడ)

కిరణ్ గారూ, మీ రెండో భయం నాకూ ఉంది. మొదటిది మాత్రం ఒప్పుకోను. బాధ్యత అనేది ఒకరు ఎక్కువ తీసుకుంటే మరొకరికి తగ్గే ఆస్తి పంపకం కాదు. ఒకే చావుకు ముగ్గురు మూడు వేర్వేరు పనుల వల్ల పూర్తి బాధ్యులు కావచ్చు. కాల్చినవాడు కాల్చినందుకు, తుపాకి అందుబాటులో ఉంచినవాడు అందుకు. నాకు ఇబ్బందిగా ఉన్నది వేరే: పదిహేనేళ్లవాడికి పెరోల్ కూడా లేని శిక్ష వేయడం. అది మరో చర్చ.

మన చట్టంలోనూ ఈ ఆలోచన ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 199ఏ సెక్షన్ చూడండి. మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు లేదు. అన్నిటికన్నా గట్టి అంశం, "నాకు తెలియదు, నేను తగిన జాగ్రత్త తీసుకున్నాను" అని తండ్రే రుజువు చేసుకోవాలి. 2024 మే నెలలో పుణెలో పదిహేడేళ్ల కుర్రాడు పోర్షే కారుతో ఇద్దరు యువ ఇంజనీర్లను గుద్ది చంపినప్పుడు దేశమంతా మండిపడింది అతనికి బెయిలు షరతుగా మూడు వందల పదాల వ్యాసం రాయమన్నందుకు. చట్టం లేక కాదు. రక్త నమూనాలు మార్చారన్న ఆరోపణ మీద తల్లిదండ్రులే అరెస్టయ్యారు. మన ఊళ్లలో పదో తరగతి పాసైతే బండి కొనిచ్చే తండ్రులు ఈ సెక్షన్ ఒకసారి చదవాలి. ఇక్కడ మనకు తుపాకి బదులు ఉన్నది అదే.

ఒక_తల్లి

ఖాతా పేరు వేరుగా పెట్టుకున్నాను. ఊరు చెప్పను. అమెరికాలోనే ఉంటాం.

మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. తలుపులు పగలగొట్టాడు, చెల్లెల్ని తోశాడు, తరగతిలో ఒకణ్ణి చంపుతానని నోట్‌బుక్కులో రాశాడు. మా ఇంట్లో తుపాకి లేదు, ఎప్పుడూ ఉండదు. అయినా ఈ చర్చ చదువుతుంటే నా చేతులు చల్లబడ్డాయి.

ఆ తల్లిదండ్రుల గురించి నాకు జాలి లేదు. కొన్ని నెలల ముందు ఆ పిల్లవాడు ఇంట్లో దెయ్యాలు కనిపిస్తున్నాయని తల్లికి మెసేజ్‌లు పెట్టాడని, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమంటే వినలేదని తన డైరీలో రాసుకున్నాడని విచారణలో బయటపడింది. నా కొడుకు అలా అడిగి ఉంటే అర్ధరాత్రి అయినా తీసుకెళ్లేదాన్ని. నా బాధ ఇది కాదు.

సాయం అడిగే తల్లికి ఏం దొరుకుతుందో చెబుతాను. పిల్లల సైకియాట్రిస్టు అపాయింట్‌మెంటుకు నెలల తరబడి నిరీక్షణ. బడికి నిజం చెబుదామంటే మా ఆయన భయం: రికార్డుల్లోకి ఎక్కుతుందా, పోలీసులు వస్తారా, మన వీసా మీద పడుతుందా, కాలేజీకి పంపే కాగితాల్లో వస్తుందా? ఇండియాకు ఫోన్ చేస్తే మా అత్తగారు "వయసు అలాంటిది, ఇక్కడికి పంపు, హాస్టల్లో వేస్తే దారికొస్తాడు" అంటారు. నలుగురి మధ్య మాట్లాడదామంటే నలుగురూ వాళ్ల పిల్లల్ని మా ఇంటికి పంపడం మానేస్తారు. నేను దాచడం లేదు, దాచేలా చేస్తున్నారు. బాధ్యత గురించి మాట్లాడేవాళ్లు చెప్పండి, చెప్పిన తల్లికి శిక్ష పడదని ఎవరు హామీ ఇస్తారు?

డా.అనిత (హైదరాబాద్, మానసిక వైద్యురాలు)

అమ్మా, ముందుగా ఒక మాట. మీరు చెప్పిన లక్షణాలున్న పిల్లల్లో అత్యధికులు ఎవరినీ చంపరు. ఇది ఓదార్పు కోసం చెబుతున్నది కాదు, మా వృత్తిలో తెలిసిన విషయం. హింసాత్మకమైన బొమ్మలు వేసే పిల్లలు వేలల్లో ఉంటారు, వాళ్లలో ఎవరు నిజంగా చేస్తారో ముందే చెప్పగల పరీక్ష లేదు. కాబట్టి ఎవరైనా జోస్యం చెప్పాలని అడగడం అన్యాయం. అడగవలసింది వేరు: ఆలోచనకూ ఆయుధానికీ మధ్య దూరం ఎంత ఉంది?

అమెరికా సీక్రెట్ సర్వీస్ 2008 నుంచి 2017 వరకు బడుల్లో జరిగిన 41 దాడులను పరిశీలించి 2019లో నివేదిక ఇచ్చింది. తుపాకి వాడిన కేసుల్లో దాదాపు ముప్పావు వంతు ఆ పిల్లవాడి తల్లిదండ్రుల ఇంటి నుంచో, దగ్గరి బంధువు ఇంటి నుంచో వచ్చిన తుపాకులే. దాడి చేసిన ప్రతి ఒక్కరిలోనూ ముందుగా ఆందోళన కలిగించే ప్రవర్తన కనిపించింది. ఎక్కువమంది తమ ఉద్దేశాన్ని ఎవరో ఒకరికి, ఏదో ఒక రూపంలో చెప్పారు. కాబట్టి తాళం, వినే చెవి, ఈ రెండూ అన్ని మందులకన్నా ముందు.

మీ అత్తగారి సలహా మాత్రం దయచేసి పాటించకండి. కోపంతో, భయంతో ఉన్న పిల్లవాణ్ణి తెలిసినవాళ్లు లేని హాస్టల్లో పడేస్తే జరిగేది ఇక్కడ మేము చూస్తున్నాం. విశాఖలో హాస్టల్లో ఉండి నీట్‌కు చదువుతున్న విద్యార్థిని మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని అందులో ఉంది. మన రెసిడెన్షియల్ కాలేజీల్లో ఎన్నిటిలో ఉన్నారో తల్లిదండ్రులే వెళ్లి అడగాలి. భారత్‌లో ఉన్నవాళ్లకు టెలీ మానస్ 14416 నంబరు ఉంది, తెలుగులో మాట్లాడవచ్చు. అమెరికాలో 988.

రఘు_ట్రాయ్

అనిత గారు తాళం మాట చెప్పారు కాబట్టి ఒకటి చేర్చాలి. ఆక్స్‌ఫర్డ్ ఘటన నాటికి మిషిగన్‌లో ఇంట్లో మైనరు ఉంటే తుపాకికి తాళం వేయాలన్న చట్టం లేదు. 2023లో చేశారు, 2024 ఫిబ్రవరి 13 నుంచి అమల్లోకి వచ్చింది. సరిగ్గా ఏడాది ముందు అదే తేదీన మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో కాల్పులు జరిగి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. ఆ రోజు ఆ క్యాంపస్‌లో ఆక్స్‌ఫర్డ్ నుంచి బయటపడి వచ్చిన పిల్లలు కూడా ఉన్నారు. రెండుసార్లు!

జార్జియాలో 2024 సెప్టెంబర్ 4న అపలాచీ హైస్కూల్లో ఇద్దరు విద్యార్థులు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. నిందితుడికి పద్నాలుగేళ్లు. అంతకు ముందు ఏడాదే ఆన్‌లైన్ బెదిరింపుల మీద పోలీసులు ఇంటికి వచ్చి తండ్రినీ కొడుకునూ ప్రశ్నించి వెళ్లారు. ఆ తరువాత తండ్రి అతనికి రైఫిల్ బహుమతిగా ఇచ్చాడని అభియోగం. ఆక్స్‌ఫర్డ్ తల్లిదండ్రులకు శిక్ష పడి అప్పటికి అయిదు నెలలే అయింది. కాబట్టి జైలు భయం ఒక్కటే ఇళ్లను మార్చలేదు కిరణ్ గారూ, ఆ విషయంలో మీతో ఏకీభవిస్తాను.

కిరణ్_షార్లెట్

బడి సంగతి ఎవరూ పూర్తి చేయలేదు. సుజాత గారూ, బడి వాళ్లను జైల్లో పెట్టాలని నేను అనను. కానీ వాళ్లు ఏ కోర్టులోనూ జవాబు చెప్పనక్కర్లేకపోతే తరువాతి బడి ఎందుకు మారుతుంది?

సుజాత_కౌన్సెలర్ (డాలస్)

మారాలంటే జవాబు చెప్పించాలి, ఒప్పుకుంటాను. వర్జీనియాలో న్యూపోర్ట్ న్యూస్ కేసు చూడండి. అక్కడ 2023 జనవరిలో టీచర్‌ను కాల్చింది ఆరేళ్ల పిల్లవాడు కాబట్టి వయసులో పోలిక లేదు, బడి తీరులో ఉంది. పిల్లవాడి దగ్గర తుపాకి ఉందేమోనని ఆ రోజు సిబ్బంది పదే పదే హెచ్చరించారు. తల్లికి జైలు శిక్ష పడింది. గాయపడిన టీచర్ అప్పటి అసిస్టెంట్ ప్రిన్సిపాల్ మీద సివిల్ దావా వేస్తే 2025 నవంబర్‌లో జ్యూరీ కోటి డాలర్ల పరిహారం ఇవ్వాలంది. అలాంటి తీర్పు వచ్చాక ఏ జిల్లా అధికారి అయినా తన ముప్పు అంచనా ఫైలు తెరిచి చూసుకుంటాడు. మిషిగన్ కుటుంబాలు జైలు కన్నా ఎక్కువగా అడిగింది ఇదే, ప్రమాణం చేయించి ప్రశ్నలడగనివ్వండని. ఆ స్వతంత్ర దర్యాప్తులో మాట్లాడటానికి కూడా చాలామంది సిబ్బంది నిరాకరించారు. కౌన్సెలర్‌గా నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది అదే. పొరపాటు ఎవరైనా చేయవచ్చు. నలుగురు పిల్లలు పోయాక ఏం జరిగిందో చెప్పకపోవడం మాత్రం క్షమించలేను.

ఇక ఆ తల్లి గారికి. బడికి చెబితే పోలీసులు వస్తారా అని అడిగారు. ఒక్కోచోట వస్తారు, అబద్ధం చెప్పను. కానీ నోట్‌బుక్కు టీచర్ కంటపడి మీకు ఫోన్ రావడం వేరు, మీరే ముందుగా వెళ్లి "మావాడు ఇలా రాశాడు, మా ఇంట్లో తుపాకి లేదు, ఫలానా తేదీకి డాక్టరు అపాయింట్‌మెంటు ఉంది" అని చెప్పడం వేరు. రెండో తల్లితో మేము కలిసి పనిచేస్తాం. మాటగా కాక ఈమెయిలుగా పంపండి, అపాయింట్‌మెంటు లేఖ జతచేయండి. ముప్పు అంచనా చేయమని మీరే అడగవచ్చు, దాని ఉద్దేశం శిక్ష కాదు. అతను పేరు రాసిన ఆ తోటి పిల్లవాడి భద్రత సంగతి కూడా ఆ ఈమెయిల్లోనే ఎత్తండి. ఆ పిల్లవాడికీ ఒక తల్లి ఉంది.

ప్రసాద్_మాష్టారు (నరసరావుపేట)

అమ్మా, పిల్లల్ని పంపడం మానేస్తారని అన్నావు. మానేసేవాళ్లు మానేస్తారు. ఒక్క ఇంటికైనా నిజం చెప్పు. మీకు కూడా ఆసరా కావాలి.

ఒక_తల్లి

సుజాత గారూ, ఈమెయిలు రాశాను. ఆయన కూడా చదివి ఒక వాక్యం మార్చి సరే అన్నారు. రేపు పొద్దున్న పంపుతున్నాం. మరొకటి అడగాలి. మావాడు వారాంతాల్లో ఇద్దరు స్నేహితుల ఇళ్లకు వెళ్తాడు. మా ఇంట్లో లేదు సరే, వాళ్ల ఇళ్లలో తుపాకి ఉందో లేదో నాకు తెలియదు. అడిగితే ఎలా తీసుకుంటారో?

సుజాత_కౌన్సెలర్ (డాలస్)

టెక్సాస్‌లో నేను అడుగుతాను, ఎవరూ తప్పుగా తీసుకోలేదు. కుక్క ఉందా, ఈతకొలను ఉందా అని అడిగే వరుసలోనే "తుపాకి ఉందా, తాళం వేసి ఉంటుందా, తూటాలు వేరేచోట ఉంటాయా?" అని అడగండి. ఉంది, తాళం లేదు అంటే పిల్లలిద్దరినీ మీ ఇంటికే రమ్మనండి. మీ విషయంలో ఇంకొక అడుగు ముందుకు వేయాలి. ఆ రెండిళ్ల పెద్దలకూ మీ అబ్బాయి ఇప్పుడు ఇబ్బందిలో ఉన్నాడని ఒక్క మాట చెప్పండి. ఈమెయిలుకు బడి నుంచి రెండు రోజుల్లో జవాబు రాకపోతే నాకు ఇక్కడే సందేశం పెట్టండి, జిల్లాలో ఎవరికి రాయాలో చెబుతాను.